పాటలో తిట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జానపద గేయాల్లో వచ్చే తిట్లు, బూతు మాటల గురించి అందిన ఉత్తరాల్లోంచి కొన్నిటిని ఈ నెల తీసుకున్నాం. వివరించడానికి అవసరమైన మాటలను చుక్కలు పెట్టకుండా అలాగే అచ్చువేశాం. చుక్కలు పెడితే మాత్రల (అక్షరం పలికే కాలపు కొలత) లెక్క తెలియదు, పాట నడక అసలే తెలియదు.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవంలో పిల్లల చేత నాట్ల పాట పాడించాలనుకుంటున్నాం. ఊళ్ళో ఒక పెద్దమ్మ దగ్గర చక్కటి పాట దొరికింది. అందులో ‘సచ్చినోడా’, ‘ఓసి ముండా’, ‘నీ తాడు తెగ’ అనే మాటలున్నాయి. వేరే మాటలు పెట్టి పాడిస్తుంటే పాట కుంటుతోంది. ఏం చేయాలి?
— ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: మార్చే పని మొదలుపెట్టే ముందు ఆ పెద్దమ్మనే ఒక మాట అడగండి: “అల్లుడో, అన్నో పక్క మడిలో ఉంటే ఈ చరణం ఎట్ల పాడతరు?” పొలంలో పాడేవాళ్ళకు ఒక్కో పాటకు రెండు మూడు పాఠాలుంటాయి. ఎవరు వింటున్నారో చూసుకుని అప్పటికప్పుడు మాట మార్చేస్తారు. ఆమె చెప్పే ‘అల్లుడి ముందు పాఠం’ మీరు కూర్చుని కట్టే మాటల కంటే ఎంతో బాగుంటుంది. అది ఇప్పటికే నోళ్ళలో నలిగింది కదా.

అలాంటిది దొరకనప్పుడే మీరు చెయ్యి పెట్టండి. అప్పుడు అర్థం సంగతి తర్వాత. మాత్రలు, ప్రాస, చివరి అచ్చు ముందు. ఒక పాదం చూపిస్తాం. ఇది వివరణ కోసం మేం కట్టింది:

సచ్చినోడా – సద్దిబువ్వా – తెచ్చినానూ – గట్టుకాడా

ఇది మిశ్రగతి. ఒక్కో ముక్కకు ఏడు మాత్రలు, మూడు–నాలుగుగా విరుగుతాయి: ‘సచ్చి’ మూడు, ‘నోడా’ నాలుగు. మొదటి ముక్కలోని ‘చ్చి’కి మూడో ముక్కలోని ‘తెచ్చి’ ప్రాస. ఇప్పుడు ‘సచ్చినోడా’ తీసి ‘ప్రాణనాథా’ పెట్టారనుకోండి. లెక్కకు ఏడు మాత్రలే. కానీ మోకాలి లోతు బురదలో నాట్లేసే మనిషి మొగుణ్ణి ప్రాణనాథా అని పిలవదు. ‘అందగాడా’ పెడితే మాట పల్లెదే, మాత్రలూ ఏడే, కానీ ‘చ్చి’ పోయింది కాబట్టి ‘తెచ్చినానూ’కు జోడు లేకుండా పోతుంది. ‘నచ్చినోడా’ అంటే అన్నీ కుదురుతాయి. అయితే చనువుతో విసిరిన విసురు పోయి, అది ఒట్టి వలపు పాటగా మారుతుంది. ‘పిచ్చిబావా’ పెట్టి పాడి చూడండి. మాత్రలు ఏడు, విరుపు అదే, ‘చ్చి’ ఉంది, చివర దీర్ఘం ఉంది. కసురూ ఉంది, వరసా తెలుస్తోంది. మార్పు అంటే ఇలా కుదరాలి.

మీ పాట కుంటడానికి కారణం బహుశా ఒత్తక్షరం పోవడమే. తిట్టు మాటల్లో చ్చ, ట్ట, డ్డ లాంటి జంట హల్లులు, లేదా ‘ముండ’లో లాగా సున్న తర్వాత హల్లు ఎక్కువగా ఉంటాయి. డప్పు దెబ్బ, నారు గుచ్చే చెయ్యి సరిగ్గా ఆ అక్షరం మీద పడతాయి. దాని స్థానంలో ‘వనిత’, ‘సఖియ’ లాంటి తేలిక మాట పెడితే దెబ్బ గాలిలో పడుతుంది. ‘వెధవ’, ‘ముండ’ రెండూ మూడు మాత్రలే. కానీ మొదటిది మూడు లఘువులు (ఒక్కో మాత్ర అక్షరాలు), రెండోది గురువు (రెండు మాత్రల అక్షరం)–లఘువు. అందుకే ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

మీరు రాసిన మిగతా రెండూ సులువు. ‘నీ తాడు తెగ’ ఏడు మాత్రలు, నాలుగు–మూడు విరుపు. ‘నీ దుంపతెగ’ అచ్చంగా అదే కొలత. తాడు తెగాలంటే తాళి తెగాలని, అంటే మొగుడు చావాలని శాపం. పిల్లల నోట అది వద్దు. దుంపతెగ అంటే ఇంట్లో పెద్దలు మనవల్ని ముద్దుగా కసిరే మాట. ‘ఓసి ముండా’కు ఆ చరణం వదినామరదళ్ళదైతే ‘ఓసి వదినా’, లేకపోతే ‘ఓసి పిల్లా’. మూడింటికీ ఏడు మాత్రలే.

ఒక పని మాత్రం చేయకండి. తిట్టు వచ్చే చోట పాట ఆపడం, మైకు కట్టేయడం. ఖాళీ వదిలితే సభే ఆ మాట పూరిస్తుంది, అదీ గట్టిగా. పిల్లలు నవ్వేస్తారు, తర్వాతి చరణం ఎత్తుకోలేరు. మాట దొరక్కపోతే ఆ పాట వంతనే, అంటే ‘ఉయ్యాలో’, ‘ఓ లాలో’ లాంటి దాన్నే, అక్కడ ఇంకోసారి పాడించండి. పాటలో సగం చరణాలు తిట్టు మీదే నడుస్తుంటే దాన్ని వదిలేసి వేరే పాట తీసుకోండి. అన్నీ పీకేశాక మిగిలేది ఆ పాట కాదు. కార్యక్రమం కరపత్రంలో ‘పిల్లల కోసం కొన్ని మాటలు మార్చాం’ అని ఒక్క వాక్యం వేయండి. లేకపోతే పదేళ్ళ తర్వాత మీ పాఠమే అసలు పాఠమై కూర్చుంటుంది.

ప్రశ్న: దేవుణ్ణి కూడా తిట్టే పాటలు ఉన్నాయంటే మా ఇంట్లో నమ్మడం లేదు.
— గృహిణి, ఖమ్మం

జవాబు: మీకు భద్రాచలం దగ్గరే కదా. “ఎవరబ్బ సొమ్మని కులుకుచు తిరిగెదవు” అని రాముణ్ణి నిలదీసిన రామదాసు కీర్తన మీ ఇంట్లోనూ పాడే ఉంటారు. దాని తర్వాతి చరణం ఇంకా ముఖ్యం. దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఆయాసపడవద్దు అని వెంటనే బతిమాలుకుంటాడు. శతకాల్లో దీన్ని నిందాస్తుతి అన్నారు. ఆడవాళ్ళ పాటల్లోనైతే గంగాగౌరీ సంవాదం ఉంది. శివుడి భార్యలిద్దరూ సవతులుగా ఒకరి పుట్టుకను ఒకరు ఎత్తిపొడుచుకుంటారు. లక్ష్మీపార్వతుల సంవాదంలో ఒకరి మొగుణ్ణి ఒకరు వెక్కిరిస్తారు. పూజగదిలో కూర్చుని పాడినవే ఇవన్నీ.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్ళి భోజనాల్లో వియ్యపురాలి పాటలు పాడతామని ఆడపెళ్ళివారు కబురు చేశారు. మా వైపు పిల్లలంతా నగరంలో పెరిగినవాళ్ళు. అవి విని గొడవ పెట్టుకుంటారేమోనని నా భయం. వద్దని చెప్పాలా?
— భీమవరం

జవాబు: వద్దనకండి. పాడించుకోండి, కాకపోతే రెండు వైపులా పద్ధతి తెలిసి ఉండాలి. బువ్వపు బంతి, నలుగు, వసంతాలు, తలుపు దగ్గర పేర్లు చెప్పించడం, ఇలాంటి ఘట్టాల్లోనే ఈ ఎగతాళి పాటలకు చోటు. తాళి కట్టే వేళ, అప్పగింతల వేళ ఎవరూ వీటి జోలికి పోరు. తిట్టు పడేది వియ్యపురాలి మీద, ఆడపడుచు మీద, పెళ్ళికొడుకు మీద, అంటే వేళాకోళం చెల్లే వరసల మీద. పెళ్ళికొడుకు నాయనమ్మ మీద పాడరు. ఇంట్లో భర్త పోయినవాళ్ళుంటే, పిల్లలు లేనివాళ్ళుంటే ఆ ఊసెత్తే చరణం మింగేస్తారు. తెలిసిన పాటగత్తె ఇది ఎవరూ చెప్పకుండానే చేస్తుంది.

ఏమని తిడతారంటే ఎక్కువగా తిండి, నిద్ర, పిసినారితనం, గొప్పలు, నడక. వియ్యపురాలు గంగాళం పులిహోర తిని ఇంకా లేవలేదంటారు. ఆమె అన్నం మెతుకులు లెక్కపెడుతూ తినే మనిషైతే అందరూ పడీపడీ నవ్వుతారు. అందులోనే ఈ పాటల కిటుకంతా ఉంది. చెప్పే అబద్ధం ఎంత పెద్దదైతే పాట అంత క్షేమం. నిజానికి దగ్గరగా వెళితే పుండు మీద కారమే. కట్నం దగ్గర నిజంగానే పేచీ పడ్డ పెళ్ళిలో పిసినారి పాట పాడితే అది వేళాకోళం అవదు. ఆడపడుచు కాపురం చెడి పుట్టింట్లో ఉంటే ఆమె పేరు ఏ చరణంలోనూ రాకూడదు. కాబట్టి పెళ్ళికి వారం ముందే అవతలివాళ్ళకు రెండు సంగతులు చెప్పేయండి: ఎవరెవరి పేర్లు ఎత్తవచ్చు, ఏ విషయం ఎత్తకూడదు. రంగు, లావు, అవకరం ఎప్పుడూ ఆ రెండో జాబితాలోనే ఉంటాయి.

రెండు మూడు పాటలు, పాటకు అయిదారు చరణాలు చాలు. మీ వైపు నుంచి కనీసం ఇద్దరు బదులు పాట నేర్చుకుని ఉండండి. ఒకవైపే పాడుతూ పోతే ఎంత మెత్తటి ఎగతాళి అయినా దాడిలాగే ఉంటుంది. బదులు పాట వచ్చిందంటే ఆట మొదలైనట్టు. చివరికి మంగళహారతి పాటతో ముగించాలి, దాని తర్వాత ఎవరూ పాత చరణం ఎత్తకూడదు.

ఈమధ్య పెళ్ళిళ్ళలో గొడవలకు ముఖ్య కారణం మైకు. బంతిలో ఎదురెదురుగా కూర్చున్న ముప్పై మంది కోసం పుట్టిన పాట అది. స్పీకర్లలో పెడితే డ్రైవర్లకూ బయట నిలబడ్డవాళ్ళకూ వినపడుతుంది. వియ్యపురాలికి తన వాళ్ళ ముందు నవ్వుకోవడం వేరు, ఊరందరి ముందు అనిపించుకోవడం వేరు. రెండో కారణం ఫోను. పాట అయిన గంటలో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోతుంది, ముందూ వెనకా తెలియనివాళ్ళు చూస్తారు. ఆ అరగంట ఫోన్లు లోపల పెట్టమని చెప్పండి, మొహమాటపడకండి.

మీ వైపు పిల్లలకు ఇది మోటుగా అనిపిస్తే తులసీదాసును చూపించండి. రామచరితమానసం బాలకాండలో, జనకుడి ఇంట దశరథుడి బృందం భోజనానికి కూర్చున్నప్పుడు మిథిల ఆడవాళ్ళు మగవాళ్ళ పేర్లు, ఆడవాళ్ళ పేర్లు ఎత్తి తీయని గొంతుతో తిట్ల పాటలు పాడతారు. దశరథ మహారాజు పరివారంతో సహా విని నవ్వుతాడు. ఉత్తరాదిలో వీటిని ‘గారీ’ అంటారు, ఇప్పటికీ పాడుతున్నారు.

ప్రశ్న: తిరుపతి గంగమ్మ జాతరకు మొదటిసారి వెళ్ళాం. వేషం వేసుకున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళను పచ్చిగా తిడుతున్నారు. ఇది సంప్రదాయమా, తాగి వాగడమా?
— తెలుగు కుటుంబం, బెంగళూరు

జవాబు: సంప్రదాయమే. ఆడవాళ్ళను చెరపట్టిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, అతణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకో వేషం మార్చుకుని వెతికిందని అక్కడి కథ. అందుకే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని వరసగా వేషాలు. బైరాగికి తెల్ల సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గుపొడి పూసుకుంటారు. తిట్లు ఎక్కువగా వినపడేది పాలెగాడు ఇంకా దొరకని ఆ మొదటి రోజుల్లో. తిట్టేది మిమ్మల్ని కాదు, దాక్కున్న వాణ్ణి రెచ్చగొట్టడానికి. దొర వేషంలో వచ్చినప్పుడు అతను బయటపడతాడు, అమ్మవారు సంహరిస్తుంది.

ఇక్కడ హద్దు వేషమే. వేషం వేసుకున్న భక్తుడి నోట వస్తేనే అది మొక్కు. వేషం లేనివాడు గుంపులో దూరి ఆడవాళ్ళను అనడానికి జాతర ఎప్పుడూ అనుమతి ఇవ్వలేదు. అలాంటిది జరిగితే పోలీసులకు చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. వేషం వేసినవాళ్ళకు మాత్రం బదులు తిట్టు తిట్టకండి, నవ్వి తప్పుకోండి.

ఇలాంటిది ఇంకా చాలాచోట్ల ఉంది. కేరళలో త్రిశూర్ జిల్లా కొడుంగల్లూరు భగవతి గుడిలో మీనభరణి పండుగకు భక్తులు కర్రలు తాటిస్తూ బూతుపాటలే పాడతారు. మన లంబాడా తండాల్లో హోళీకి గేరియాలు (హోళీ ఆడే మగవాళ్ళు) పాడే లెంగీ పాటల్లోనూ పచ్చి పరిహాసం దండిగా ఉంటుంది. దక్షిణాది కులాల మీద ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఆంగ్లేయుడు 1909లో అచ్చువేసిన సంపుటాల్లో మాతంగి గురించి, అంటే అమ్మవారు పూనే మాదిగ స్త్రీ గురించి రాశాడు. పెద్దకులాల వాళ్ళను తిడుతూ, వాళ్ళ మీద ఉమ్ముతూ తిరిగేదనీ, వాళ్ళు దాన్ని పావనంగా భావించేవారనీ చెప్పాడు. ఏడాది పొడుగునా నోరు విప్పలేని మనిషి ఆ ఒక్కరోజు అమ్మవారి నోటితో మాట్లాడుతుంది. ఈ తిట్లలో మాకు అన్నిటికంటే లోతైనదిగా కనపడేది ఇదే. దాన్ని ‘అసభ్యత’ అని కొట్టేసేవాళ్ళు మిగతా 364 రోజుల సభ్యత ఎవరిదో కూడా చూడాలి.

ప్రశ్న: యూట్యూబ్‌లో జానపదం పేరుతో వచ్చే పాటల్లో బూతులన్నీ నిజంగా పాతవేనా? ఎలా గుర్తుపట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: చాలావాటిలో పల్లవి పాతది, మిగతాదంతా కొత్తగా కట్టింది. కొత్తగా కట్టడం తప్పేం కాదు, జానపదం బతికేదే అలా. బూతు అతికించిందో కాదో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి.

మొదట, అది ఎక్కడ పడుతోందో చూడండి. పాత పాటలో తిట్టు సాధారణంగా చరణం చివర, ముందు మూడు పాదాలు ఊరించాక పడుతుంది. వినేవాడు ఒక మాట వస్తుందనుకుంటాడు, పాడే ఆమె ప్రాస అలాగే ఉంచి వేరే మాట వేస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే. పల్లవిలోనే బూతు పెట్టి ఇరవైసార్లు తిప్పితే ఊరింపుకు చోటు లేదు. అది డీజే కోసం కట్టిన పాట.

తర్వాత, ఎవరు ఎవరిని అంటున్నారో అడగండి. పాతదాంట్లో వరస ఉంటుంది: బావ, మరదలు, వదిన, సవతి, అత్త. దొర, పటేలు, మేస్త్రి కూడా ఉంటారు, వాళ్ళను తిట్టే చరణాలకు పదును ఎక్కువ. పేరూ వరసా లేని ‘పిల్ల’ ఒంటిని వర్ణించుకుంటూ పోయి, ఆ పిల్లకు బదులు చెప్పే చరణం ఒక్కటి కూడా లేకపోతే అనుమానించండి. సరసం పాటల్లో ఆడమనిషి దెబ్బకు దెబ్బ తీస్తుంది, చాలాసార్లు చివరి మాట ఆమెదే.

తిట్టు రకం కూడా చెబుతుంది. పొలం పాటల్లో శాపనార్థాలు ఎక్కువ: నీ జిమ్మడ, నీ పాడె గట్ట, నీ నోట్ల మన్నుబడ. శృంగారమైతే తోట, బావి, రోలు, రోకలి, చేప అని చాటుగా నడుస్తుంది. అవయవాల పేర్లు నేరుగా రావడం లేకపోలేదు, హోళీకి, కల్లు దగ్గర వస్తాయి. సినిమా యాస తిట్లు, ఇంగ్లిషు తిట్లు కనపడితే మాత్రం ఇక పరిశోధన అక్కర్లేదు.

ప్రశ్న: మాది కళాబృందం. సభలో సరసం పాట పాడితే ఒకాయన కేసు పెడతానన్నాడు. చట్టం ఏమంటుంది?
— నల్గొండ జిల్లా

జవాబు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్ (పాత ఐపీసీ 294). బహిరంగ స్థలంలో గానీ దాని దగ్గర గానీ, ఇతరులకు చిరాకు కలిగేలా అశ్లీల గేయం పాడినా, వల్లించినా మూడు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో రెండూ రుజువు కావాలి: మాట అశ్లీలం కావాలి, దానివల్ల చిరాకు కలగాలి. తిట్టు ఉన్నంత మాత్రాన అశ్లీలం అయిపోదు. మోటు మాటలు, తిట్లు వాటంతట అవే అశ్లీలం కావని 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడి మాటను పట్టుకోకుండా మొత్తం రచనను నేటి సమాజపు ప్రమాణాలతో చూడాలని 2014లోనే మరో కేసులో చెప్పింది.

మీరు నిజంగా జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. సభలో కూర్చున్న ఒక స్త్రీని చూపిస్తూ, ఆమె వైపు తిరిగి ఆ చరణం పాడితే అదే సంహితలో స్త్రీని అవమానించే మాటల మీద ఉన్న 79వ సెక్షన్ కిందికి రావచ్చు. దానికి మూడేళ్ళ వరకు శిక్ష, జరిమానా. వేషగాడు సభలోకి దిగి ఆడవాళ్ళను ఉద్దేశించి పాడే అలవాటు మీ బృందంలో ఉంటే మానేయండి. రికార్డు చేసి నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉంది. అశ్లీలమని తేలితే మొదటిసారి మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. అందుకే సభకు ఒక పాఠం, వీడియోకు ఒక పాఠం పెట్టుకోవడం మంచిది. నిర్వాహకులకు పాటల జాబితా ముందే ఇచ్చి సంతకం తీసుకోండి, ‘పెద్దల కోసం’ అన్న భాగం రాత్రి భోజనాల తర్వాత పెట్టమనండి. నోటీసు వస్తే ఈ పేజీ పట్టుకుని వెళ్ళకండి, న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: పాత పాటల్లో కులం పేర్లు తిట్లుగా వస్తాయి. యథాతథంగా పాడటమే నిజాయితీ కదా?
— విజయనగరం

జవాబు: కాదు. రాసి పెట్టుకోవడం నిజాయితీ. వేదిక మీద పాడటం మళ్ళీ అనడమే అవుతుంది. ‘సచ్చినోడా’ అన్నది బావ మీద పడి అక్కడే కరిగిపోతుంది. కులం పేరు పాటలో లేనివాళ్ళ మీద, సభ చివర కూర్చున్నవాళ్ళ మీద పడుతుంది, వాళ్ళకు బదులు చరణం ఉండదు. ఆ వర్గాలకు చెందనివాళ్ళు నలుగురి ఎదుట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో తిట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఎస్) కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ వరకు శిక్ష పడే నేరం. చట్టం లేకపోయినా మా జవాబు ఇదే. అవకరాన్ని, హిజ్రాలను వెక్కిరించే పాదాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ కులంవాళ్ళే తమ పేరు తామే చెప్పుకుని పెత్తందారును తిట్టే పాటలు వేరు. అవి వాళ్ళ నోటనే వినాలి.

ప్రశ్న: తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క మాటలు ఇప్పుడు చప్పగా ఉంటున్నాయెందుకు?
— హిందూపురం

జవాబు: రాత్రంతా ఆడిన ఆటను గంటకు కుదిస్తే మొదట పోయేవి హాస్యపాత్రలైన వాళ్ళిద్దరి పాటలు, రచ్చే. రాముడి కథ నడుస్తుండగా నడిరాత్రి జనం తూగకుండా లేపడానికే ఆ మోటు హాస్యం. సాయంత్రం ఆరింటికి ఆడిటోరియంలో దాని అవసరం లేదు. మీ ఊళ్ళో పెట్టించేటప్పుడు ‘తెల్లవారేదాకా ఆట కావాలి’ అని బృందానికి ముందే చెప్పి, దానికి తగ్గట్టు డబ్బివ్వండి. పోలిగాడు తనంతట తానే తిరిగొస్తాడు.

ప్రశ్న: పరిశోధన కోసం పాటలు సేకరిస్తున్నాను. బూతు పాదాలు ఎలా రాయాలి? పాడినావిడ ‘అది రాయకు బిడ్డా’ అంది. మా గైడు చుక్కలు పెట్టమంటున్నారు.
— పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: మూడు ప్రతులు పెట్టుకోండి: విన్నది, రాసింది, అచ్చుకు ఇచ్చేది. అచ్చు ప్రతిలో చుక్కలుండవచ్చు. మొదటి రెండింటిలో ఒక్క అక్షరం కూడా పోకూడదు.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా చేయండి. మోనోలో గంటకు సుమారు 520 ఎంబీ పడుతుంది. ఫోనులో ఎంపీ3 చేస్తే సరిగ్గా గుసగుసగా అన్న మాటే పోతుంది, బూతు పాదం చాలాసార్లు గొంతు తగ్గించి, నవ్వు మధ్యలో అంటారు. మైకు నోటికి ఒక మూర దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. గుంపు పాటైతే రెండో మైకు వంతవాళ్ళ వైపు. అసలు ఫైలును ఎన్నడూ కత్తిరించకండి, బీప్ పెట్టాలన్నా నకలు మీదే. రెండు వేరువేరు డిస్కుల్లో, ఒకటి ఇంటి బయట, దాచండి.

రాసేటప్పుడు పలికినట్టే రాయాలి. ‘సచ్చినోడు’ను ‘చచ్చినవాడు’ చేయవద్దు. స–చ మారితే ప్రాంతం పోతుంది, నోడు–వాడు మారితే మాత్రలు పోతాయి. వంతను ప్రతిసారీ రాయండి. నవ్వు ఎక్కడ వచ్చింది, ఎవరు నవ్వారు, పాడేటప్పుడు ఎవరి వైపు చూసింది, మగవాళ్ళు ఉన్నారా, ఆ చరణం వచ్చేముందు గొంతు మారిందా, ఇవన్నీ పక్కన రాసుకోండి. తిట్టు అర్థం నిఘంటువులో కంటే ఈ పక్క రాతల్లోనే ఎక్కువ దొరుకుతుంది. మీరు ఆడమనిషి కాబట్టి మీకు దొరికిన పాఠం మగ పరిశోధకుడికి దొరకదు. ఎవరు సేకరించారన్నది కూడా ఒక వివరమే.

చుక్కల సంగతి. ఇంగ్లండులో సెసిల్ షార్ప్ 1903 నుంచి సోమర్‌సెట్ పల్లెల్లో పాటలు సేకరించాడు. అచ్చులో మోటు మాటలన్నీ మార్చేశాడు. కానీ నోటు పుస్తకాల్లో విన్నది విన్నట్టే రాసుకున్నాడు. అందువల్లే 1958లో ఇంకొకరు ఆ అసలు పాఠాలను అచ్చువేయగలిగారు. అమెరికాలో వాన్స్ రాండాల్ఫ్ ఓజార్క్ కొండల పాటలను 1946–50 మధ్య నాలుగు సంపుటాలుగా తెచ్చినప్పుడు బూతుపాటలను పక్కన పెట్టించారు. అవి 1992లో గానీ రాలేదు, అప్పటికి ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆలస్యమైనా వచ్చాయంటే కాగితం మీద పూర్తిగా ఉండబట్టే. మీరు నోటు పుస్తకంలోనే చుక్కలు పెడితే ఆ మాటను ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. సిద్ధాంతగ్రంథంలో చుక్కలు తప్పవని గైడు పట్టుబడితే ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క చొప్పున పెట్టి, మాత్రల సంఖ్య కింద వేయండి. పూర్తి పాఠం అనుబంధంగా విభాగంలో అప్పగించండి.

‘రాయకు బిడ్డా’ అన్న మాట మాత్రం వీటన్నిటికంటే పెద్దది. ఆమె వద్దన్న పాదం అచ్చులోకి రాకూడదు, అసలు ఫైలులో ఉంచుకోవచ్చా అన్నది కూడా ఆమెనే అడగాలి. చాలాసార్లు ఆమె భయం మాట గురించి కాదు, పేరు గురించి. కొడుకు వింటాడని, కోడలి పుట్టింటివాళ్ళు వింటారని. కాబట్టి విడివిడిగా అడగండి: పేరు వేయవచ్చా, ఊరు వేయవచ్చా, గొంతు వినిపించవచ్చా, రాత మాత్రమేనా, ఎన్నేళ్ళ తర్వాత? ఆమెకు చదువు రాకపోతే ఈ ప్రశ్నలూ జవాబులూ ఆమె గొంతుతోనే అదే రికార్డింగ్ చివర చేర్చండి. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, పాట మొత్తం ఆమెకు వినిపించి, అప్పుడు ఇంకోసారి అడగండి. మొదటిరోజు నవ్వుతూ ‘రాసుకో’ అన్నవాళ్ళు రెండోసారి విన్నాక ఒక చరణం తీసేయమనవచ్చు, వద్దన్నవాళ్ళు ఉండనివ్వమనవచ్చు. ఆ రెండో మాటనే ఖాయం చేసుకోండి.